సర్టిఫికెట్లకు లామినేషన్: దరఖాస్తుల్లో ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ అడ్డొస్తుంది

జిరాక్స్ సెంటర్లలో చేసే లామినేషన్‌లో కాగితాన్ని రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి వేడి రోలర్ల గుండా పంపుతారు. పొరలో బయటి వైపు ఉండేది గట్టి పాలిస్టర్. కాగితాన్ని తాకే లోపలి వైపు వేడికి కరిగే జిగురు ఉంటుంది. నూరు డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి ఆ జిగురు కరిగి కాగితం పోగుల్లోకి ఇంకి, చల్లారగానే గట్టిపడుతుంది. చేయించడానికి నిమిషం కూడా పట్టదు. ఖర్చూ తక్కువే. అయితే జిగురు ఒకసారి కాగితంలోకి దిగాక దాన్ని కాగితానికి దెబ్బ తగలకుండా బయటికి తీయడం సాధారణంగా సాధ్యం కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించాలా వద్దా అన్న నిర్ణయంలో అన్నిటికంటే ముందు తూచాల్సింది ఈ విషయాన్నే.

పదో తరగతి మెమో చేతికి రాగానే లామినేషన్ చేయించడం తెలుగు ఇళ్లలో చాలాకాలంగా ఉన్న అలవాటు. దాని వెనక ఉన్నది న్యాయమైన భయమే. చెదలు, చెమ్మ, మడతల దగ్గర చిరగడం, వానాకాలంలో కారే ఇంటి కప్పు, ఇవన్నీ కాగితానికి శత్రువులు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు బీరువా అడుగు అరలో కాగితాలు పెట్టుకున్నవారికి ఆ భయం ఎంత నిజమో తెలిసింది. కానీ మామూలు లామినేషన్ నీటి నుంచి కూడా పూర్తి రక్షణ ఇవ్వదు. సైజు పెద్దదైందని అంచులను కాగితం దాకా కత్తిరిస్తే పక్కల నుంచి తేమ లోపలికి చేరుతుంది. చేరిన తేమకు బయటికి దారి ఉండదు, లోపలే మరకలు కడుతుంది.

దరఖాస్తుదారు ముందుగా గ్రహించాల్సింది ఒకటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్ అంటే అందులోని అక్షరాలు మాత్రమే కాదు. అక్షరాలు జిరాక్స్ కాపీలోనూ ఉంటాయి. ఒరిజినల్‌ను ఒరిజినల్‌గా నిలబెట్టేవి కాగితం తీరు, ఉబ్బెత్తు ముద్ర, హోలోగ్రామ్, వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే నీటి గుర్తు, సంతకం చేసిన పెన్ను ఒత్తిడి. బోర్డును, విశ్వవిద్యాలయాన్ని, జారీ చేసిన సంవత్సరాన్ని బట్టి వీటిలో కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. పరిశీలన కౌంటర్‌లో అనుభవం ఉన్న ఉద్యోగి మెమోను చేతిలోకి తీసుకోగానే కిటికీ వైపు కాస్త వంచి హోలోగ్రామ్ రంగు మారుతుందో లేదో చూస్తారు, ముద్ర మీద బొటనవేలు ఆనిస్తారు, వెంటనే వెనక్కి తిప్పుతారు. లామినేట్ చేసిన మెమోలో ఈ మూడు పనులూ కష్టమవుతాయి. మెరిసే ప్లాస్టిక్ మీద వెలుతురు పడి హోలోగ్రామ్ మసకబారుతుంది. రోలర్ల ఒత్తిడికి ఉబ్బెత్తు ముద్ర చదునవుతుంది. ఇక వెనక వైపు కొత్తగా ఏమీ రాయడానికి గాని, ముద్ర వేయడానికి గాని వీలుండదు. అసలు చిక్కులు ఎక్కువగా మొదలయ్యేది ఈ చివరి కారణం దగ్గరే.

అయితే లామినేట్ చేసినంత మాత్రాన సర్టిఫికెట్‌లోని అర్హత పోదు. ఇప్పటికే చేయించుకున్నవారు కంగారు పడాల్సిన పని లేదు. రాష్ట్రంలో, దేశంలో జరిగే చాలా నియామకాల్లో అభ్యర్థి ఒరిజినల్ చూపించి, జిరాక్స్ కాపీల సెట్టు ఇస్తారు. ఆ కాపీల మీద గెజిటెడ్ అధికారి సంతకం కోసం తిరగాల్సిన అవసరం కూడా చాలా చోట్ల తగ్గింది. దరఖాస్తుదారే సంతకం చేసి ఇచ్చే స్వీయ ధ్రువీకరణను ప్రోత్సహించాలని కేంద్ర పరిపాలనా సంస్కరణల విభాగం 2013లో మంత్రిత్వ శాఖలకు, రాష్ట్రాలకు సూచించింది. ఆ తర్వాతి ఏళ్లలో అది విస్తృతంగా అమల్లోకి వచ్చింది. టీజీపీఎస్సీ, ఏపీపీఎస్సీ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో గాని, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ సహాయ కేంద్రాల్లో గాని లామినేట్ చేసిన పదో తరగతి మెమోతో వచ్చేవారు కొత్తేమీ కాదు. అక్షరాలు, హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ స్పష్టంగా ఉండి, బోర్డు రికార్డుతో సరిపోతే పని సాగిపోతుంది. కానీ ఏ నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేస్తున్నారో అందులో సర్టిఫికెట్ల గురించి రాసిన పేరాను ఆసాంతం చదవడం తప్పనిసరి. లామినేట్ చేసిన పత్రాలు తీసుకోబోమని అందులో రాసి ఉంటే ఆ షరతే చెల్లుతుంది, పక్క ఊరి స్నేహితుడికి పోయినసారి ఏమైందన్నది లెక్కలోకి రాదు.

లామినేషన్ నిజంగా దారి మూసేది విదేశాలకు వెళ్లే సందర్భంలో. అక్కడ సర్టిఫికెట్‌ను చూసి తిరిగి ఇచ్చేస్తే సరిపోదు, దాని మీదే అధికారిక గుర్తులు చేరుస్తూ పోవాలి. విదేశీ విశ్వవిద్యాలయమో, ఉద్యోగం ఇచ్చే సంస్థో, వీసా కార్యాలయమో భారతీయ డిగ్రీ నిజమైనదని నమ్మాలంటే ఒక వరుస ఉంటుంది. విద్యకు సంబంధించిన పత్రాన్ని మామూలుగా ముందు రాష్ట్ర ప్రభుత్వంలోని నిర్ణీత అధికారి ధ్రువీకరిస్తారు. ఆ అధికారి సంతకం, ముద్ర సరైనవేనని విదేశాంగ మంత్రిత్వ శాఖ ధ్రువీకరిస్తుంది. వెళ్లే దేశం 1961 నాటి హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉంటే, మంత్రిత్వ శాఖ ఇచ్చే అపోస్టిల్ అనే ధ్రువీకరణతోనే పని పూర్తవుతుంది. భారతదేశానికి ఆ ఒప్పందం 2005 జులై 14 నుంచి వర్తిస్తోంది. ఒప్పందంలో లేని దేశమైతే మంత్రిత్వ శాఖ ధ్రువీకరణ తర్వాత ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి.

ఈ ముద్రలు, సంతకాలు, నంబరుతో కూడిన అపోస్టిల్ స్టిక్కరు, ఇవన్నీ సాధారణంగా పడేది ఒరిజినల్ సర్టిఫికెట్ వెనక వైపే. ప్లాస్టిక్ మీద స్టాంపు సిరా ఆరదు, వేలితో తుడిస్తే చెరిగిపోతుంది. స్టిక్కరు అతికించినా అది అంటుకునేది ప్లాస్టిక్‌కే గాని కాగితానికి కాదు. రేపు ఆ ప్లాస్టిక్‌ను తీసి మరో కాగితానికి చుట్టరని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే లామినేట్ చేసిన పత్రాలను ఈ వరుసలో ఎక్కడో ఒక మెట్టు దగ్గర వెనక్కి పంపుతారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ ఉద్యోగాలకు వెళ్లేవారికి ఈ సంగతి మరీ ముఖ్యం. గల్ఫ్‌లో అన్ని దేశాల పద్ధతీ ఒకటి కాదు. ఒమన్, బహ్రెయిన్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి, సౌదీ అరేబియాలో అది 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. కువైట్, ఖతార్, యూఏఈలకు మాత్రం రాయబార కార్యాలయం ధ్రువీకరణ బాటే నడుస్తూ వచ్చింది. నర్సింగ్, ఇంజినీరింగ్ వంటి కొలువుల్లో డిగ్రీ ధ్రువీకరణ పూర్తయితే గాని వీసా పని కదలని సందర్భాలు ఉంటాయి. చేరాల్సిన తేదీ దగ్గర పడ్డాక లామినేషన్ వల్ల డిగ్రీ వెనక్కి వస్తే పోయేది నెల జీతం కాదు, ఉద్యోగమే.

డిగ్రీ పూర్తి చేసినవారు ఈ కారణం చేత ఒరిజినల్ డిగ్రీని, ప్రొవిజనల్‌ను, కన్సాలిడేటెడ్ మార్కుల మెమోను ఎన్నడూ లామినేట్ చేయించకపోవడమే మేలు. ఇప్పుడు విదేశం వెళ్లే ఆలోచన లేకపోవచ్చు. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో లేని ఆలోచన ముప్పైలో రావచ్చు.

దేశంలోనే తలెత్తే ఇబ్బందులు ఇంకొన్ని ఉన్నాయి. టీసీ స్వభావం మెమోకు భిన్నం. మెమో అభ్యర్థి దగ్గర జీవితాంతం ఉండాల్సింది, టీసీ మాత్రం కొత్త కాలేజీకి అప్పగించేది. దాని మీద అడ్మిషన్ నంబరు రాస్తారు, రంధ్రం చేసి ఫైల్లో కడతారు. లామినేట్ చేసిన టీసీ ఈ పనులకు ఒదగదు. దాని ప్రయాణం ఒక్క మజిలీయే కాబట్టి అంత రక్షణా అక్కర్లేదు. ఇదే సందర్భంలో తెలుసుకోవాల్సిన మరో సంగతి, విద్యార్థుల మెమోల వంటి ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని, పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది.

ఆదాయ ధ్రువపత్రం, ఈడబ్ల్యూఎస్ పత్రం, కేంద్ర ఉద్యోగాలకు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం లాంటివి కాలపరిమితితో నడిచేవి. వచ్చే ఏడాది మళ్లీ కొత్తవి తీసుకోవాల్సినవాటిని ప్లాస్టిక్‌లో బిగించడం డబ్బు వృథా. మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లో తీసుకునే కుల, నివాస పత్రాలు డిజిటల్ సంతకంతో వస్తాయి. వాటి బలం కాగితంలో కంటే పత్రం మీది నంబరులో ఉంటుంది, ఆ నంబరుతో ఆన్‌లైన్‌లో సరిచూస్తారు. కాబట్టి ఆ నంబరును వేరే చోట కూడా రాసి పెట్టుకోవడం లామినేషన్ కంటే ఎక్కువ పనికొచ్చే జాగ్రత్త.

వేడి లామినేషన్‌కు అసలు ఇవ్వకూడని కాగితాలు కొన్ని ఉన్నాయి. రసీదు యంత్రాల నుంచి వచ్చే నున్నటి థర్మల్ కాగితం వేడి తగిలితేనే నల్లబడే రకం. దాన్ని రోలర్లలో పెడితే క్షణంలో మొత్తం నల్లగా మారి ఒక్క అక్షరం కూడా మిగలదు. ఫీజు చెల్లించిన థర్మల్ రసీదును దాచుకోవాలనుకుంటే వెంటనే జిరాక్స్ తీసి ఉంచుకోవాలి. పాత ఫొటోలు అతికించిన స్టడీ సర్టిఫికెట్లు, సిరా పెన్నుతో నింపిన పాత టీసీలు, మడతల దగ్గర పెళుసెక్కిన కాగితాలు కూడా వేడికి, ఒత్తిడికి పాడయ్యే ప్రమాదం ఉంది.

ఆన్‌లైన్ దరఖాస్తుల కాలంలో స్కానింగ్ కూడా ఒక సమస్యే. ఫోన్ కెమెరాతో లామినేట్ చేసిన మెమోను ఫొటో తీస్తే ట్యూబ్‌లైటు తెల్లటి గీతలా దాని మీద పడుతుంది. ఆ గీత సరిగ్గా హాల్‌టికెట్ నంబరు మీదో, పుట్టిన తేదీ మీదో పడితే అప్‌లోడ్ చేసిన పత్రం చదవడానికి వీల్లేకుండా ఉందన్న కారణంతో దరఖాస్తు ఆగిపోవచ్చు. అలాంటి పత్రాన్ని ఫ్లాష్ ఆపి పగటి వెలుతురులో తీయాలి, లేదా ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద స్కాన్ చేయించాలి. 300 డీపీఐలో ఒకసారి మంచి స్కాన్ చేయించి ఉంచుకుంటే, దరఖాస్తు అడిగిన సైజుకు దాన్ని తగ్గించుకోవచ్చు. తక్కువ నాణ్యతతో తీసినదాన్ని మాత్రం తర్వాత పెంచుకోలేరు.

ప్రభుత్వమే ప్లాస్టిక్ రూపంలో ఇచ్చే కార్డుల సంగతి వేరు. డ్రైవింగ్ లైసెన్సు, పాన్, ఓటరు కార్డుల వంటివాటిలో భద్రతా గుర్తులను ఆ ప్లాస్టిక్‌ను దృష్టిలో పెట్టుకునే రూపొందిస్తారు. వాటి మీద బయట మరో పొర వేయించాల్సిన అవసరం లేదు. ఆధార్ విషయంలో దాన్ని జారీ చేసే సంస్థ ఉడాయ్ 2018 ఫిబ్రవరిలో స్పష్టత ఇచ్చింది. ఆధార్ లేఖ, అందులో కత్తిరించుకునే భాగం, మామూలు కాగితం మీద తీసుకున్న ప్రింటు, ఎంఆధార్ యాప్, అన్నీ చెల్లుతాయనీ, బయట దుకాణాల్లో చేయించుకునే ప్లాస్టిక్ కార్డుల్లో క్యూఆర్ కోడ్ పనిచేయకుండా పోవచ్చనీ చెప్పింది. సంస్థ తానే పీవీసీ కార్డును 2020 నుంచి అందిస్తోంది. గట్టి కార్డు కావాలనుకునేవారికి అదే సరైన దారి.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇదే ప్రశ్న సోషల్ సెక్యూరిటీ కార్డు దగ్గర ఎదురవుతుంది. ఆ కార్డును లామినేట్ చేయవద్దనే అక్కడి సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ సలహా ఇస్తుంది. 1983 నుంచి దాన్ని నోట్ల తరహా భద్రతా కాగితం మీద ముద్రిస్తున్నారు, ప్లాస్టిక్ వేస్తే ఆ గుర్తులను పట్టుకోవడం కుదరదన్నది కారణం. పాడైన కార్డుకు బదులు కొత్తది ఇస్తారు గాని, మామూలుగా ఏడాదికి మూడు, జీవితకాలంలో పది అన్న పరిమితి ఉంది. చదువు కోసం వెళ్లి ఉద్యోగంలో చేరబోతున్న విద్యార్థి ఇక్కడి అలవాటు కొద్దీ ఆ కార్డుకు ప్లాస్టిక్ వేయించకుండా ఉండాలి.

ఇప్పటికే లామినేట్ చేయించినవారు చేయకూడని మొదటి పని, ఇంట్లో దాన్ని విప్పదీయాలని చూడటం. ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి లాగడం, బ్లేడుతో అంచు లేపడం, థిన్నర్ పూయడం, ఇవన్నీ కాగితం పై పొరను, దానితో పాటే అక్షరాలను ఊడదీస్తాయి. లేజర్ ప్రింటులోని టోనర్ కూడా ప్లాస్టిక్ లాంటి పదార్థమే. అది జిగురుతో కలిసి ప్లాస్టిక్‌కు అంటుకుని వచ్చేస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మార్కుల దగ్గరో, పేరు దగ్గరో చెరిగిన మెమోను చూసే అధికారికి అది లామినేషన్ తీసిన గుర్తా, దిద్దిన గుర్తా అన్నది తెలియదు. లామినేట్ చేసిన మెమోతో పోయేది కొంత సమయం. చెరిగిన మెమోతో వచ్చేది దొంగ సర్టిఫికెట్ అన్న అనుమానం.

కాబట్టి ముందు అవసరం ఏమిటో తేల్చుకోవాలి. చూపించి తిరిగి తెచ్చుకునే పనైతే ఉన్నదాన్ని ఉన్నట్టే తీసుకెళ్లాలి. అపోస్టిల్ లాంటి పనైతే పత్రం పంపకముందే, దాన్ని స్వీకరించే కార్యాలయాన్ని గాని, మంత్రిత్వ శాఖ అనుమతించిన ఏజెన్సీని గాని అడగాలి. డిజిటల్ రూపంలో ఉన్న పత్రాలకు విదేశాంగ శాఖ ఈ-సనద్ వేదిక ద్వారా ధ్రువీకరణ ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. పత్రం జారీ చేసిన సంస్థ అందులో చేరి ఉందా లేదా చూసుకోవాలి. ఆ దారి లేకపోతే మిగిలేది డూప్లికేట్ సర్టిఫికెట్. పదో తరగతి మెమోకైతే చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుల ద్వారా బోర్డుకు, ఇంటర్, డిగ్రీ మెమోలకు ఆయా బోర్డుకు, విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి దరఖాస్తు చేయాలి. పోయిన సర్టిఫికెట్‌కు పోలీసుల నుంచి పత్రం, నోటరీ అఫిడవిట్ అడుగుతారు. లామినేషన్ వల్ల పనికిరాని సర్టిఫికెట్ పోయినట్టు కాదు. పోయిందని అఫిడవిట్‌లో రాసి ఇవ్వడం తప్పుడు ప్రమాణం అవుతుంది. ఉన్న సర్టిఫికెట్‌ను జతచేసి, జరిగింది జరిగినట్టు రాసి దరఖాస్తు చేయడమే సరైన పద్ధతి. వారాలు పట్టే పని కాబట్టి విదేశీ ప్రయత్నం మొదలుపెట్టిన రోజే ఇదీ మొదలుపెట్టాలి.

దేశంలోని అవసరాలకు డిజిలాకర్ చాలావరకు ఈ భారాన్ని తగ్గించింది. 2015 జులైలో మొదలైన ఈ వ్యవస్థలో, జారీ చేసిన సంస్థే నేరుగా చేర్చిన పత్రాలు ఒరిజినల్‌తో సమానమని 2017లో ఐటీ నియమాల్లో చేసిన సవరణ చెబుతోంది. ఇందులో గమనించాల్సిన తేడా ఒకటుంది. అభ్యర్థి తానే స్కాన్ చేసి ఎక్కించుకున్న పత్రానికి ఆ హోదా లేదు. ‘ఇష్యూడ్ డాక్యుమెంట్స్’ విభాగంలో వచ్చినదానికే ఉంది.

కాగితాన్ని కాపాడటానికి లామినేషన్ లేకుండా మంచి మార్గాలే ఉన్నాయి. పాత పత్రాలను భద్రపరిచే నిపుణులు ఈ చర్చను ఎప్పుడో దాటి వచ్చారు. అమెరికాలో విలియం బారో 1930ల్లో సెల్యులోజ్ అసిటేట్ పొరతో పత్రాలను లామినేట్ చేసే పద్ధతి తెచ్చారు. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో 1950ల్లో యంత్రం, వేడి లేకుండా అసిటోన్‌తో అదే పొరను అతికించే పద్ధతి రూపొందింది. తర్వాతి తరాల నిపుణులకు, పత్రానికి ఏది చేసినా మళ్లీ వెనక్కి తీసుకోగలగాలన్న సూత్రం ముఖ్యమైంది. దాంతో కాగితానికి అతుక్కోకుండా, రెండు పాలిస్టర్ పొరల మధ్య కాగితాన్ని వదులుగా ఉంచి అంచులను మాత్రమే మూసే పద్ధతి వాడుకలోకి వచ్చింది. అవసరమైతే అంచు కోసి కాగితాన్ని చెక్కుచెదరకుండా బయటికి తీయవచ్చు.

ఇంట్లో దీనికి దగ్గరగా ఉండేది పారదర్శకమైన పాలీప్రొపిలీన్ షీట్ ప్రొటెక్టర్లు ఉన్న ఫైలు. మెత్తగా, ఘాటైన వాసనతో ఉండే పీవీసీ కవర్లు మాత్రం వద్దు. ఎండాకాలంలో వాటికి టోనర్ అంటుకుని, బయటికి తీసేసరికి అక్షరాలు కవరు మీద కనిపిస్తాయి. ఒక కవరులో ఒకే సర్టిఫికెట్ ఉండాలి. స్టేప్లర్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయాలి. పెద్ద సైజు డిగ్రీని మడవకుండా దానికి సరిపడే ఫైలు కొనాలి. ఆ ఫైలును జిప్ ఉన్న నీరు చొరని సంచిలో పెట్టి, బీరువా పై అరలో ఉంచితే వరదకూ చెదలకూ కూడా దూరంగా ఉంటుంది. ఇంటర్వ్యూలకు వెళ్లినప్పుడు తడవకుండా తీసుకెళ్లడానికి కలర్ జిరాక్స్ తీయించి దాన్ని నిరభ్యంతరంగా లామినేట్ చేయించుకోవచ్చు, ఒరిజినల్ అడిగిన రోజున మాత్రం దాన్ని ఒరిజినల్‌గా చూపకూడదు.

కొత్తగా తల్లిదండ్రులైనవారికి ఇదే జాగ్రత్త జనన ధ్రువపత్రం విషయంలో అవసరం. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం, ఓటరు నమోదు, డ్రైవింగ్ లైసెన్సు, ప్రభుత్వ ఉద్యోగ నియామకం వంటి చోట్ల పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు ఆ పత్రమే రుజువు. పాస్‌పోర్టుకు కూడా వారు పుట్టిన తేదీ రుజువుగా దాన్నే చూపాలి. పదో తరగతి మెమో ఇన్నాళ్లూ మోసిన బరువు ఈ పిల్లల విషయంలో జనన పత్రం మీద పడుతుంది. పేరు చేర్పించి, తప్పులు లేవని సరిచూసుకుని, రెండు మూడు ధ్రువీకృత ప్రతులు తీసుకుని, వేటికీ ప్లాస్టిక్ అతికించకుండా ఫైల్లో ఉంచాలి.